పద్నాలుగో పెట్టె మీది రెండో సీలు

గౌరవనీయులైన ఎన్నికల అధికారి గారి సముఖమునకు,
సదరు కార్యాలయపు సీళ్ళ బంట్రోతు, ప్రస్తుతం మంచినీళ్ళ డ్యూటీ, వ్రాసుకొనిన అర్జీ.

విషయం: పద్నాలుగో నంబరు బ్యాలెట్ పెట్టె మీద రెండు సీళ్ళు ఉండుట, అందులో మోసమేమియు లేకుండుట, నన్ను సీళ్ళ పని నుండి తప్పించిన ఉత్తర్వును రద్దు చేయుట, లేనిచో తప్పించిన కారణమును నలుగురి ఎదుట చెప్పుట గురించి.

సూచిక: (1) తమ ఉత్తర్వు. (2) నా నోటి మనవులు మూడు: మెట్ల మీద రెండు, తమ కారు దగ్గర ఒకటి.

అయ్యా,

తమ సమయం విలువైనదని తెలిసియు ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను. అర్జీ ఒక పేజీ దాటకూడదని ముందు గది గుమస్తా గారు చెప్పారు. దాటింది. నోటితో చెబుదామంటే తమరు మూడుసార్లూ "రాసి ఇవ్వు" అన్నారు గనుక రాసి ఇస్తున్నాను.

1. నా పని గురించి. పోలింగు ముగిసిన సాయంత్రం కేంద్రాల నుంచి వచ్చిన పెట్టెలను కింది హాల్లో బల్లల మీద వరుసగా పెడతారు. మూత కొండీలోంచి నూలు తాడు దూర్చి, ముడి వేసి, ఆ ముడి మీద కరిగిన లక్క పోసి, అది ఆరేలోగా కార్యాలయపు ఇత్తడి ముద్ర నొక్కడం నా పని. ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నాను. లక్క మరీ వేడిగా ఉంటే ముద్రకు అంటుకుని లేచి వస్తుంది. చల్లారితే అక్షరాలు పడవు. నడుమ నాలుగైదు క్షణాలు ఉంటాయి, అవి నాకు తెలుసు. ఇందులో గొప్పలు చెప్పుకోవడం లేదు. నా కుడి బొటనవేలు చూస్తే తమకే అర్థమవుతుంది, అక్కడ చర్మానికి స్పర్శ పోయి చాలా ఏళ్ళయింది.

ఇక్కడే మా అక్క సంగతి మనవి చేయాలి. ఆమె మా పక్క వీధిలో బట్టలు సరిచేసే కుట్టు దుకాణం నడుపుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ప్రతి ఎన్నికకూ తెల్లవారగానే మడత స్టూలు చంకన పెట్టుకుని వెళ్ళి వరుసలో మొదట కూర్చుంటుంది. ఓటు వేసి వస్తూ ప్రతిసారీ ఒకే మాట అంటుంది: "నా కాగితం మీద తాళం నీదిరా. ఇంక నాకు బెంగ లేదు." ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో నాకు దక్కిన ప్రశంసాపత్రం అదొక్కటే. కార్యాలయం నుంచి ఏదీ రాలేదు, రాలేదని ఫిర్యాదూ లేదు.

2. రెండు సీళ్ళ గురించి. నేను ప్రతి ముడికీ రెండు సీళ్ళు వేస్తాను. మొదట లక్క పోసి ముద్ర నొక్కుతాను. అది గట్టిపడ్డాక దాని మీద మళ్ళీ లక్క పోసి మళ్ళీ నొక్కుతాను. ఇది నాకంటే ముందు ఈ పని చేసిన పెద్దాయన నేర్పిన పద్ధతి. ఆయన హయాంలో ఒకసారి లారీ కుదుపుకి ఒక పెట్టె సీలు పగిలింది. ఊరు ఊరంతా మళ్ళీ ఓటు వేయాల్సి వచ్చింది, ఆయనకు ఆరు నెలలు ఉద్యోగం లేదు. తిరిగొచ్చిన రోజు నుంచి రెండు వేయడం మొదలుపెట్టారు. "పైది దెబ్బ తింటే కిందది కాపలా ఉంటుంది" అని నాతో అన్నారు. ఆయన పోయారు, పద్ధతి నా చేతుల్లో ఉండిపోయింది. కిందటి ఎన్నికల్లో వచ్చిన ముప్పై ఒక్క పెట్టెలకూ రెండేసి సీళ్ళే ఉన్నాయి. పద్నాలుగోదానికి మాత్రమే కాదు.

నిబంధనల పుస్తకంలో "ఒక ముడికి ఒక ముద్ర" అని ఉన్న మాట వాస్తవం. ఆ పుస్తకాన్ని ఇరవై ఏడేళ్ళు దుమ్ము దులిపాను, తెరిచింది కిందటి నెలలోనే. ఇది నా తప్పు. దీనికి ఏ శిక్ష వేసినా తల వంచుతాను. కానీ దొంగతనానికి వేసే శిక్ష దీనికి వేయకూడదని మనవి.

3. లెక్కింపు రోజు ఉదయం తమరు గది తాళం తీయించినప్పుడు పద్నాలుగో పెట్టె మీది పై లక్క పెచ్చు ఊడి కింద పడి ఉంది. కొత్తగా తెప్పించిన లక్క పెళుసుగా ఉందని నేను రెండు వారాల ముందే స్టోరు వారితో చెప్పాను. "నీకన్నీ వంకలే" అన్నారు. సరే. పెచ్చు ఊడిన చోట కింది సీలు చెక్కుచెదరకుండా కనిపించింది. పెద్దాయన ఉంటే మురిసిపోయేవారు. కానీ అక్కడ ఉన్నది ఆయన కాదు, ఓడిపోయిన అభ్యర్థి ఏజెంటు. ఆయన బజారులో ఫోటో స్టూడియో నడుపుతారు. అందరూ ఫ్లాషు అని పిలుస్తారు గనుక ఈ అర్జీలోనూ అలాగే వ్రాస్తున్నాను. సదరు ఫ్లాషు ఫోటో తీసి, "చూడండి, సీలు కింద సీలు. మధ్యలో పెట్టె తెరిచి కాగితాలు కలిపి మళ్ళీ మూశారు" అన్నారు. నేను ముప్పై ఒకటో పెట్టె దాకా రెండేసి వేస్తున్నంతసేపూ ఆయన నా ఎదురుగానే కుర్చీలో ఉన్నారు, ఫోను చూసుకుంటున్నారు. చివర్లో జాబితా మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

ఉదయం పద్నాలుగో పెట్టె అన్నది మధ్యాహ్నానికి పద్నాలుగు పెట్టెలైంది. సాయంత్రం కూరల దుకాణం దగ్గర నా వెనక నిలబడ్డ ఆవిడ "మొత్తం ముప్పై ఒకటీ మార్చారట" అని నాకే చెప్పింది.

4. తమరే స్వయంగా కూర్చుని పద్నాలుగో పెట్టెను రెండుసార్లు లెక్కపెట్టించారు. కేంద్రం నుంచి వచ్చిన లెక్క నాలుగు వందల పన్నెండు. పెట్టెలో నాలుగు వందల పన్నెండు. గెలుపుకీ ఓటమికీ తేడా రెండు వేల మూడు వందల ఆరు. అంటే ఆ పెట్టెను తాడుతో సహా నూతిలో పడేసినా ఫలితం మారదు. ఇవన్నీ తమరు వ్రాయించి నోటీసు బోర్డులో పెట్టించారు. అది ఇప్పటికీ ఉంది, పోయిన సైకిలు తాలూకు ప్రకటన పక్కన. ఫ్లాషు తన ఫోటోను పెద్దది చేయించి స్టూడియో అద్దానికి అతికించారు. వారి ఫోటో తలుపంత ఉంది. మన కాగితం అరచేయంత ఉంది.

ఇంకొక సంగతి. ఆ ఇత్తడి ముద్ర అంచున చిన్న నొక్కు ఉంది. పై సీలులోనూ కింది సీలులోనూ అదే నొక్కు పడింది, అంటే రెండూ ఒకే ముద్రతో వేసినవి. సీళ్ళు వేయడం అయిన వెంటనే ఆ ముద్రను తమరు నా చేతిలోంచి తీసుకుని తమ బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి తమ దగ్గరే ఉంది. కనుక తరువాత ఎవరైనా పెట్టె తెరిచి మళ్ళీ సీలు వేసి ఉంటే ఆ దొంగతనంలో తమరికీ వాటా ఉండాలి. తమరికి లేదని నాకు తెలుసు. నాకు లేదని తమరికి తెలుసు. ఈ మాట ఇంత సూటిగా వ్రాయవద్దని నా భార్య అన్నది. కొట్టేద్దామని రెండుసార్లు కలం పెట్టి కూడా కొట్టలేదు.

5. విచారణ గురించి. "పద్నాలుగో పెట్టెకు రెండు సీళ్ళు వేశావా?" అని విచారణాధికారి గారు అడిగారు. వేశానండి, ఎందుకంటే, అని మొదలుపెట్టాను. "అవునా కాదా చెప్పు చాలు" అన్నారు. అవునన్నాను. పెద్దాయన సంగతి, లారీ సంగతి, మిగిలిన ముప్పై పెట్టెల సంగతి ఏదీ కాగితం మీదకు ఎక్కలేదు. "రెండు సీళ్ళు వేసినట్లు ఒప్పుకొనెను" అని వ్రాసి సంతకం తీసుకున్నారు. ఆ కాగితం నకలు ఫ్లాషుకు ఎలా చేరిందో నాకు తెలియదు. ఇప్పుడది కూడా అద్దానికి ఉంది, ఫోటో కింద.

6. ఇక నా తెలివితక్కువ పని. కళ్ళారా చూస్తే ఎవరైనా నమ్ముతారని అనుకున్నాను. ఒక ఆదివారం స్పిరిట్ దీపం, లక్క కడ్డీలు, ఇంట్లో ఉన్న బిస్కెట్ల రేకు డబ్బా, ఒక పాత గుండీ సంచీలో వేసుకుని స్టూడియోకి వెళ్ళాను.

ఫ్లాషు మర్యాదగానే మాట్లాడారు. "రండన్నా, కూర్చోండి. నాకు మీ మీద కోపమేం లేదు. నాకు కనబడింది నేను తీశాను."

"తీశావు సరే. అదెలా వచ్చిందో చూడు మరి" అన్నాను.

డబ్బాకు తాడు కట్టి, ముడి వేసి, ముద్ర లేదు గనుక గుండీతో ఒక సీలు నొక్కాను. ఆరాక దాని మీద రెండోది వేశాను. చాకు మొనతో పై పెచ్చు లేపాను. కింది సీలు నిగనిగలాడుతూ వచ్చింది. ఆయన కన్నార్పకుండా చూశారు. చివరికి నిట్టూర్చి, "మీ చేతిలో పనుందన్నా. ఇంత సులువుగా అయిపోతుందని నాకు తెలీదు" అన్నారు.

"సులువు కాదయ్యా. ఇది మొదటి రోజే ఇలా వేస్తాం. తరవాత వేసేది కాదు."

"మొదటి రోజు వేయగలిగినవాళ్ళు తరవాత మాత్రం వేయలేరా?"

కోపంతో దీపం ఆర్పి, సామానంతా సంచీలో వేసుకుని వచ్చేశాను. ముద్ర తమ బీరువాలో ఉందని చెప్పాల్సింది, అది ఇంటికొచ్చాక గానీ గుర్తురాలేదు. నేను వచ్చిన దగ్గర్నుంచీ బల్ల మీద నిలబెట్టి ఉన్న ఆయన ఫోను అంతా తీస్తూనే ఉందని మర్నాడు తెలిసింది. "ఎలా చేశాడో తనే చేసి చూపించాడు" అన్న పేరుతో ఆ వీడియో ఊరంతా తిరిగింది. నా భార్య తన ఫోనులో చూసి, "చేతులు భలే చక్కగా పడ్డాయండీ" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

7. దీని మీదట తమరు ఉత్తర్వు ఇచ్చారు. "ప్రజల్లో నెలకొన్న అనుమానాల దృష్ట్యా" నన్ను సీళ్ళ పని నుంచి తప్పించి మేడ మెట్ల దగ్గర మంచినీళ్ళ డ్యూటీకి వేశారు. తమరు మంచికే చేసి ఉంటారు, గొడవ సద్దుమణుగుతుందని అనుకుని ఉంటారు. అణగలేదు. ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే మంగలి దుకాణంలో నా గడ్డం గీస్తూ మంగలి అన్నాడు: "అంతదాకా నేను నమ్మలేదు సార్. వాళ్ళే తీసేశారంటే ఏదో ఉన్నట్టే కదా." మెడ మీద కత్తి ఉంది గనుక తల కూడా అడ్డంగా ఊపలేకపోయాను. అప్పటిదాకా ఫ్లాషు మాటకు ఫ్లాషే సాక్షి. తమ ఉత్తర్వుతో ఈ కార్యాలయం కూడా సాక్షి అయింది.

8. ఓడినవారు తిట్టారంటే అర్థం ఉంది. గెలిచినవారి సంగతి మరీ అన్యాయం. కిందటి వారం గెలిచిన అభ్యర్థి మనిషి ఒకాయన టీ దుకాణం దగ్గర నా భుజం మీద చేయి వేసి, "బాబాయ్, నువ్వు చేసిన మేలు మావాళ్ళు మర్చిపోరు" అన్నాడు. నేనేమీ చేయలేదని, నా ఓటు కూడా వాళ్ళకి పడలేదని చెప్పాను. అతను కన్ను గీటి, "అలాగే చెప్పాలి. ఎవరడిగినా అలాగే చెప్పు" అని వెళ్ళాడు. ఈ ఊళ్ళో నన్ను దొంగ అనేవాళ్ళు సగం మంది, దొంగతనం బాగా చేశావనేవాళ్ళు సగం మంది. చేయలేదని నమ్మేవాణ్ణి ఒక్కణ్ణి వెతుక్కుంటున్నాను.

9. మా అక్క మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క అడగలేదు. వెళ్ళినప్పుడల్లా ఎప్పటిలాగే టీ ఇస్తుంది, మెషిను తొక్కుతూ వీధి కబుర్లు చెబుతుంది. అడగలేదంటే నన్ను నమ్మిందనే ధైర్యంతోనే ఈ నెల రోజులూ గడిపాను.

10. ఇంకో పదకొండు రోజుల్లో పట్టణ సభ ఎన్నిక ఉన్నది. మళ్ళీ పెట్టెలు వస్తాయి. నా స్థానంలో వేసిన కొత్తతను మొన్న హాల్లో అభ్యాసం చేస్తుంటే మెట్ల మీద నుంచి చూశాను. లక్క మాడుస్తున్నాడు. మాడిన లక్క బూడిదలా రాలిపోతుంది. ఈసారి ఒక సీలు కాదు, పది సీళ్ళు పెచ్చులూడతాయి, అప్పుడు ఫ్లాషు స్టూడియోకి అద్దాలు చాలవు. ఇది కడుపుమంటతో అంటున్న మాట కాదు. కొంత కడుపుమంట ఉంది, కాదనను. కానీ లక్క సంగతి నిజం.

కావున తమరిని కోరుకొనునది ఏమనగా:

నన్ను తిరిగి సీళ్ళ పనిలో వేయవలెను. నిబంధన ప్రకారం ఒక ముడికి ఒక్క ముద్రే వేస్తాను, పెద్దాయన ఆత్మ క్షోభించినా సరే. అన్ని పక్షాల ఏజెంట్లనూ బల్ల చుట్టూ నిలబెట్టి, ఫోనులు జేబులో పెట్టించి, ప్రతి పెట్టె నంబరూ పైకి చదివి మరీ వేస్తాను. ఫ్లాషును నా పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కావాలంటే లక్క ఆయన్నే కరిగించమనండి. వేలు కాలితే నేనే మందు రాస్తాను.

అది వీలుకాదంటే కనీసం తమరు ఒకసారి హాలు మెట్ల మీద నిలబడి నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండు సరిపోయిందని, ముద్ర తమ బీరువాలోనే ఉన్నదని, ఈ మనిషి పద్ధతి తప్పాడే గానీ ఓటు తాకలేదని తమ నోటితో చెప్పవలెను. నేను చెబితే నేరస్థుడి మాట. తమరు చెబితే అధికారి మాట. ఇంతవరకూ తమరు చెప్పలేదు. అందుకు నాకు బాధగా ఉంది. తమరి మీద గౌరవం తగ్గలేదు గానీ బాధగా ఉంది.

ఈ రెండూ వీలుకాని పక్షంలో మంచినీళ్ళ డ్యూటీ నుంచి కూడా తప్పించండి. నా చేతి గ్లాసు అందుకునే ముందు ఒకరిద్దరు లోపలికి తొంగి చూస్తున్నారు.

పై సంగతులన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని మనవి చేస్తూ, ఇంత పొడుగు అర్జీని ఓపికతో చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
సీళ్ళ బంట్రోతు
(ఈ హోదా వ్రాసుకొనుటకు ఇప్పుడు నాకు అర్హత లేదని గుమస్తా గారన్నారు. తమ నిర్ణయం వచ్చువరకు కొట్టివేయలేదు.)

జతపరచినవి: విచారణలో తీసుకున్న సంజాయిషీ నకలు ఒకటి. పద్నాలుగో పెట్టె మీద నుంచి ఊడిన లక్క పెచ్చు, కాగితంలో చుట్టినది, ఒకటి.

తా.క. పై అర్జీ పూర్తిచేసి తమ కార్యాలయానికి వస్తూ దారిలో మా అక్క దుకాణం దగ్గర ఆగాను. ఆమె ఒక కోటు చేతులు పొట్టి చేస్తోంది. అర్జీ సంగతి చెబుదామని కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోగానే గుండీల డబ్బా మూత తీసి, అడుగు నుంచి తన ఓటరు చీటీ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదేంటక్కా?"

"మోకాళ్ళు లేవట్లేదురా. ఆ వరసలో నేనేం కూర్చుంటాను ఇంక. ఎలాగూ నువ్వు వేస్తావుగా. నాది కూడా వేసెయ్."

నేను వేయడమేంటి అన్నాను. ఆమె సూది నోట్లో పట్టుకుని, వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించింది.

"నా దగ్గర కూడా దాపరికమా? నిన్నేమన్నా తప్పు పట్టానా ఇన్ని రోజుల్లో? నువ్వేం చేసినా ఆలోచించే చేస్తావు. గెలిచినాయన మంచోడే, నేనూ ఆయనకే వేశాను. ఎవరికీ చెప్పన్లే."

"అక్కా, నన్ను తీసేశారు కూడా. మంచినీళ్ళు పోస్తున్నాను."

"పైకి అలా తీసేస్తారు. నాకు తెలీదా."

చీటీని బల్ల మీద పెట్టాను. ఆమె తీసి మళ్ళీ నా చొక్కా జేబులో పెట్టి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు తట్టినట్టు జేబు మీద రెండుసార్లు తట్టింది. తరువాత మెషిను తొక్కడం మొదలుపెట్టింది. చేయలేదక్కా అని అన్నాను. మెషిను చప్పుడులో వినబడిందో లేదో. వినబడినా నమ్మేది కాదు. ఆమె నన్ను క్షమించి నెల రోజులైంది, అది నాకిప్పుడు తెలిసింది.

అయ్యా, పైన కోరిన మూడు కోరికలనూ రద్దు చేసుకుంటున్నాను. సీళ్ళు ఆ కొత్తతన్నే వేయనివ్వండి. మంట సన్నగా పెట్టుకోమని చెప్పండి, అంతే. తమరు మెట్ల మీద నిలబడి ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ చీటీని అర్జీకి జతపరుస్తున్నాను. కుట్టు దుకాణం కార్యాలయం నుంచి నడిచి పది నిమిషాల దూరం, గుమ్మం పక్కన పాత మెషిను ఒకటి బయటే ఉంటుంది. దయచేసి తమరు స్వయంగా వెళ్ళి దీన్ని ఆమె చేతికివ్వండి. ఆమె ఓటు ఆమె తప్ప ఎవరూ వేయలేరని చెప్పండి. వరసలో కుర్చీ వేయిస్తామని చెప్పండి. నేను చెప్పి చూశాను. నా మాట ఆమె నమ్మడం లేదు.